తోడుకి టికెట్ ఫ్రీ

ఫిబ్రవరి 4

అక్కా,

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావో లోకమంతా తెలుసుకున్నాక నాకు తెలిసింది.

నిన్న మా పార్సిల్ ఆఫీసు కౌంటర్ దగ్గరికి ఒకావిడ ప్రెషర్ కుక్కర్ పట్టుకొచ్చింది. డబ్బాలో కదలకుండా కుక్కడానికి పాత పేపర్లు కూడా తనే తెచ్చుకుంది. నేను ఒక్కో కాగితం ఉండ చేసి కుక్కుతున్నాను. మూడో కాగితంలో నీ మొహం! పక్కన నల్లకోటు లాయరమ్మ. పైన పెద్ద అక్షరాల్లో "సినిమా హాలు మీద వినికిడి లేని మహిళ కేసు". ఆ కాగితం కుక్కలేదు, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. దాని బదులు నా లంచ్ బాక్సు చుట్టుకునే గుడ్డ ఆవిడ కుక్కర్‌తో పాటు ఎక్కడికో వెళ్ళిపోయింది.

ఫోన్లో రోజూ "తిన్నావా", "తిన్నాను" అని పంపుకుంటూనే ఉన్నాం. ముక్కలు ఫోన్లో, అసలు సంగతులు ఉత్తరంలో అని నియమం పెట్టింది నువ్వే. మరి కోర్టుకెక్కడం అసలు సంగతి కాదా? తోడబుట్టినదానికి చెప్పకుండా చేసే పనా అది?

పేపర్లో రాసింది నాలుగుసార్లు చదివాను. నువ్వు తెర మీద మాటలు పడతాయా అని అడిగావట. మేనేజర్ తోడెవరినైనా తెచ్చుకోమన్నాడట, తోడుకి టికెట్ ఫ్రీ అన్నాడట. నువ్వు వద్దన్నావట. ఎందుకు వద్దన్నావో పేపరువాడు రాయలేదు. నువ్వైనా రాయి. నీకు పదకొండో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాకు అక్షరాలు వచ్చిందే నీ అరచేతిలో. అప్పటినుంచి పోయినేడు నన్ను ఈ ఊరికి ట్రాన్స్‌ఫర్ చేసేదాకా నువ్వు చూసిన ప్రతి సినిమాకీ తోడెవరు? చీకట్లో నీ చేతిలో వేలితో మాట మాటా రాసిందెవరు? పొడుగు డైలాగులు రాయలేక దాచిపెట్టుకుని, ఇంటికి నడుస్తూ, నీకు నా పెదాలు కనబడాలని వెనక్కి వెనక్కి నడుస్తూ చెప్పిందెవరు? అలా నడుస్తూ రెండుసార్లు కాలవలో పడ్డాను, గుర్తుందా?

నెలకో ఆదివారం రైలెక్కి వస్తానన్నాను కదా. ఆ నెల ఆగలేకపోయావా?

కోపంగా ఉన్నాను. అయినా నీదాన్నే.
చెల్లి


ఫిబ్రవరి 13

చెల్లీ,

నీ ఉత్తరం ఫ్యాక్టరీలో భోజనాల వేళ చదివాను. చదివి కటింగ్ టేబుల్ మీద పెట్టి, ఎగిరిపోకుండా కత్తెర బరువు పెట్టాను. సాయంత్రం దాకా చొక్కా చేతులు కోస్తూ దానివైపు చూస్తూనే ఉన్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు రైలెక్కి వచ్చేస్తావు. వచ్చి నా తరఫున నువ్వే మాట్లాడేస్తావు. ఈ ఒక్క పనీ నా నోటితో, నా చేతిరాతతో చెయ్యాలనిపించింది. నీ మీద కోపం లేదు.

జరిగింది ఇంతే. ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు సినిమా చూడాలనిపించింది. ఊరికే, ఒక్కదాన్నే. హాలుకెళ్ళి, క్యాప్షన్లు వేస్తారా అని కాగితం మీద రాసి మేనేజర్‌కిచ్చాను. సినిమాతో పాటే ఆ అక్షరాలు కూడా వస్తాయట, మీట నొక్కితే తెర కింద పడతాయట. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా నా కాగితం వెనక్కి తిప్పి "తోడు ఎవరినైనా తెచ్చుకోండి, తోడుకి టికెట్ ఫ్రీ" అని రాసిచ్చాడు. రాసి నవ్వాడు కూడా, పెద్ద సాయం చేసినట్టు. నాకు నలభై తొమ్మిదేళ్ళు. నలభై పొరల గుడ్డ ఒక్క ఊపున కోస్తాను, పై పొరకీ కింది పొరకీ నూలుపోగంత తేడా రాదు. సినిమాకి మాత్రం ఎవరో వేలు పట్టుకుని తీసుకురావాలా? ఆ కాగితం ఇప్పుడు కోర్టులో మా మొదటి సాక్ష్యం.

ఇంకో తమాషా చెప్పనా? మొదటి రోజు కోర్టులో నా కేసు నాకే అర్థం కాలేదు. అందరూ నోళ్ళు కదుపుతున్నారు, నేను బొమ్మలా కూర్చున్నాను. లాయరమ్మ పోట్లాడితే రెండో వాయిదాకి టైపు చేసే అమ్మాయిని పెట్టారు. ఎవరేం మాట్లాడినా నా ముందున్న చిన్న తెర మీద అప్పటికప్పుడు అక్షరాలై పడిపోతాయి. జడ్జిగారు దగ్గితే "దగ్గు" అని పడుతుంది. ఎవరో తలుపు తోస్తే "తలుపు చప్పుడు". లాయర్లిద్దరూ అరుచుకుంటే "ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు". ఒక గదిలో ఇన్ని జరుగుతాయని నాకు తెలియదే! ఆ అమ్మాయి ఏ మాటనీ ఏరదు, ఇది ముఖ్యం, ఇది కాదు అని చూడదు. అన్నీ నా ముందు పోసేస్తుంది, ఏరుకోవడం నా పని. వాయిదా అయ్యాక ఇద్దరం టీ తాగాం. ఇరవై ఎనిమిదేళ్ళు, బంగారంలాంటి పిల్ల.

మరిదిగారి మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని చెప్పు.

నీ అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

మీ మరిదిగారి మోకాలు బాగానే ఉంది. నా ఒళ్ళే బాగాలేదు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ మండుతోంది.

"ఏ మాటనీ ఏరదు" అని రాశావు. అంటే నేను ఏరేదాన్ననే కదా? కొత్తొక వింత, పాతొక రోత. ఆ టైపు టకటకమ్మకి మిషనుంది, జీతముంది, కుర్చీ ఉంది. నాకు చూపుడు వేలు తప్ప ఏముంది? అది కూడా చీకట్లో. జడ్జి దగ్గులు నాకు రాయడం రాకపోయి కాదు, నీ చేతిలో చోటు చాలక రాయలేదు. ఒక్క పూట దగ్గులూ తలుపు చప్పుళ్ళూ రాసినందుకే బంగారంలాంటి పిల్లయిపోయింది. నన్ను ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా బంగారం అన్నావా? "ఇంకా చెప్పు, ఇంకా చెప్పు" అనడమే గానీ!

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. నువ్వింకా ఏరు దాటనైనా లేదక్కా, అప్పుడే అగ్గిపెట్టె తీశావు.

ఈ మాటే భోజనాల దగ్గర అంటే మీ మరిదిగారు, "నువ్వు కుళ్ళుకుంటున్నావే" అన్నారు. నాకెందుకు కుళ్ళు? ఆ పిల్ల ఎవరు, నేనెవరు! ఆయనకి కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా తెలియదు, మనుషుల మనసులు తెలుస్తాయా? ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. ఇంతకీ ఆ పిల్ల టీలో చక్కెర వేసుకుంటుందా? ఊరికే అడుగుతున్నాను.

అన్నట్టు నేను కూడా ఇక్కడ ఊరికే కూర్చోలేదు. పోయిన మంగళవారం మా ఆఫీసుకి ఒకాయన వచ్చాడు. సినిమా హాలు వాళ్ళ తరఫున వచ్చానని ముందే చెప్పాడు, దాచలేదు. పెద్దమనిషి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. "మీ అక్కగారికి ఇన్నేళ్ళూ సినిమాలు మీరే చెప్పేవారట కదమ్మా, ఎంత ఓపికో మీది" అన్నాడు. అక్కా, ఈ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. నువ్వు కూడా. "అదంతా రాసిస్తారా" అంటే రెండు పేజీలు రాసిచ్చాను. నా అక్క ముప్పై ఏళ్ళలో ఏ సినిమాలోనూ ఒక్క మాట కూడా పోగొట్టుకోలేదని, నేను పోనివ్వలేదని రాశాను. సంతకం కూడా పెట్టాను. నువ్వు సినిమాలు ఎంత బాగా అర్థం చేసుకుంటావో వాళ్ళకీ తెలియాలి కదా. నిన్ను చూసి మర్యాదగా మసలుకుంటారు. టకటకమ్మ ఇలాంటిది ఒక్కటి రాసివ్వగలదా?

పొగడమని అడగడం లేదు. ఊరికే చెప్పాను.

నీ పాత తెప్ప


మార్చి 9

చెల్లికి,

నీ కాగితం నేను కోర్టులో చదివాను. నాకంటే ముందు హాలు వాళ్ళ లాయరు చదివాడు, గట్టిగా, ఆగి ఆగి. అతను చదువుతుంటే నా ముందున్న తెర మీద ఒక్కో మాటా పడింది. "నా అక్క ఒక్క మాట కూడా పోగొట్టుకోలేదు." ఆ తరువాత అతను కోటు సర్దుకుని, "జడ్జిగారూ, ఈవిడకి క్యాప్షన్ ఇప్పటికే ఉంది. ఆ క్యాప్షన్‌కి టికెట్ కూడా ఉచితంగా ఇస్తామన్నాం. ఇంకా ఈవిడకి జరిగిన నష్టమేమిటి?" అన్నాడు. తెర మీద "నవ్వులు" అని పడింది. ఆ తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఆ మాట అక్కడే ఉండిపోయింది. టైపు చేసే అమ్మాయి నా మొహం చూడలేకపోయింది.

నువ్వు సాయం చేశాననుకున్నావో, కసి తీర్చుకున్నావో నాకు తెలియదు. వాళ్ళు నీకేం ఇస్తామన్నారు? ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ చేయిస్తామన్నారా? అడగడానికి నాకే సిగ్గుగా ఉంది, కానీ అడుగుతున్నాను.

ఇంకో సంగతి. దీని గురించి వారం నుంచి ఎవరితోనూ అనలేదు. ఆ అమ్మాయి ఒకరోజు వాళ్ళింటికి పిలిచింది. టీవీలో క్యాప్షన్లతో పాత సినిమా పెట్టింది. పడవవాడి కథ. నాన్న చనిపోయిన ఏడాది నువ్వూ నేనూ చూసిందే. నాకు నచ్చిన సినిమా అదని నేనే అడిగి పెట్టించుకున్నాను. ఆఖర్లో ఆ పడవవాడు మంచం మీద ఉంటాడు, కూతురు వస్తుంది. ఆ రోజు నువ్వు నా చేతిలో "తప్పు నాదే తల్లీ" అని రాశావు. నాన్న నా చెవులు పోయాక నాతో నేరుగా మాట్లాడటం మానేసి, ప్రతిదానికీ నీ వైపు తిరిగి "దానికి చెప్పు" అనేవాడు, నీకు తెలుసు. హాల్లో ఆ మాట చేతిలో పడ్డాక నేను వెక్కి వెక్కి ఏడ్చి నాన్నని క్షమించేశాను. అంత పెద్ద మాట అది నాకు.

మొన్న తెర మీద అక్కడ "నా కళ్ళకి కనబడకు" అని పడింది. అంతే. ఆ మాట అని చచ్చిపోయాడు. తప్పు పడిందేమోనని వెనక్కి తిప్పమన్నాను. మళ్ళీ అదే పడింది.

నేను ఒక్క మాటా పోగొట్టుకోలేదని సంతకం పెట్టావు కదా. మరి "తప్పు నాదే తల్లీ" ఎవరి మాట? ఇంకా ఎన్ని ఉన్నాయి? నాకు అర్థం కావనుకున్నావా, లేక ఏం చెప్పినా నమ్ముతుందిలే అనుకున్నావా?

వచ్చే నెల మొదటి వాయిదాలోపు నీ కాగితానికి సమాధానం దొరక్కపోతే కేసు పోయినట్టేనని లాయరమ్మ అంది. నిన్ను బతిమాలడం లేదు. తెలియాలి కాబట్టి రాశాను.

అక్క


మార్చి 17

అక్కా,

నాలుగు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. కౌంటర్లో ఒకరి పార్సిల్ ఇంకొకరికి ఇచ్చేశాను. మూడు తలగడలు వెళ్ళాల్సిన ఇంటికి సైకిల్ చక్రం వెళ్ళింది. సూపర్‌వైజర్ తిడుతుంటే కూడా నీ ఉత్తరమే కళ్ళముందుంది.

ముందు అడిగినదానికి జవాబు. వాళ్ళ దగ్గర నేనేమీ తీసుకోలేదు. ఆయన ఇస్తామనలేదు, నేను అడగలేదు. ఆ కాగితం నా కుళ్ళే రాసింది. మీ మరిదిగారు అన్నది నిజం. ఆ పిల్ల నీ పక్కన కూర్చుని టీ తాగిందని చదివినప్పుడు నాకు ఎలా ఉందంటే, ఆ టీ గ్లాసు పగలగొట్టాలనిపించింది. నీకు నేను తప్ప దిక్కులేదని ఇన్నేళ్ళూ అందరితో చెప్పుకు తిరిగాను. జాలిగా చెప్పినట్టు చెప్పేదాన్ని. నిజానికి గర్వంగా చెప్పేదాన్ని. కోర్టులో నీ పరువు పోయిందంటే అది నా గర్వం వల్ల పోయింది.

ఇప్పుడు రెండోదానికి. నీకు అర్థం కాదని నేనెప్పుడూ అనుకోలేదు. మొదటిసారి మార్చినప్పుడు నాకు పదకొండేళ్ళు, నీకు పదహారు. ఆ సినిమాలో ఒకడు చెవిటివాడి వేషం వేశాడు. ఒకటడిగితే ఇంకొకటి చెబుతూ ఉంటాడు, హాలంతా పొర్లి పొర్లి నవ్వుతోంది. నువ్వు నా మోచెయ్యి గిల్లి ఎందుకు నవ్వుతున్నారని అడిగావు. "కుర్చీ విరిగింది" అని రాశాను. తెర మీద కుర్చీయే లేదు. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూశాక నిజం చెప్పే దారి మూసుకుపోయింది.

ఆ తరువాత రుచి మరిగాను. దుఃఖం ఎక్కువైన చోట తగ్గించాను. విసుగ్గా ఉన్నచోట నేనే ఒక జోకు కలిపాను. పాటలైతే ఎప్పుడూ రాయలేదు, "పాడుతున్నారు" అని వదిలేశాను. నువ్వు పాటలో మాటలుంటాయని మరిచిపోయి ఉంటావని అనుకున్నాను. మంచి ఘట్టం వచ్చినప్పుడు నేనే తెరకి అతుక్కుపోయి నీ చెయ్యి వదిలేసేదాన్ని. నువ్వు కుదిపి అడిగితే "ఏం లేదు, ఊరికే మాట్లాడుకుంటున్నారు" అనేదాన్ని. అక్కా, సినిమాలో ఎవరూ ఊరికే మాట్లాడుకోరు.

పడవవాడి మాట మార్చింది మాత్రం నిన్ను చూసే. నాన్న పోయి రెండు నెలలు కాలేదు. ఆ "కనబడకు" అన్నది నీ చేతిలో రాయాలని వేలు పెట్టాను. రాయలేకపోయాను. నువ్వు నాన్నని క్షమించడానికి అది పనికొచ్చిందంటే, నాకు పశ్చాత్తాపం రావడం లేదు. రావాలేమో. అబద్ధం మాత్రం చెప్పను.

దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. నోటరీ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టి ముద్ర వేయించాను. నా మొదటి కాగితం అబద్ధమని, నా అక్క ముప్పై ఏళ్ళలో ఏ సినిమా పూర్తిగా చూడలేదని, దానికి కారణం నేనని రాశాను. గుర్తున్నంతవరకూ పదిహేడు సినిమాలు, ఎక్కడ ఏం వదిలేశానో, ఎక్కడ ఏం మార్చానో, అన్నీ ఉన్నాయి. నోటరీ చదివి, "ఇది ఇవ్వడం తప్పదా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. టకటకమ్మే కదా దాన్ని నీ ముందు తెర మీద వేసేది. వెయ్యనీ. నాకది కూడా కావలసిందే.

కోర్టుకి అక్కర్లేనిది ఒకటుంది, ఆ కాగితంలో పెట్టలేదు. నీకు ఇరవై ఏడేళ్ళప్పుడు ఆ హాల్లో ప్రొజెక్టర్ నడిపే ఆపరేటరు ఉండేవాడు, సన్నగా, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి. ఒక మధ్యాహ్నం ఆట అయ్యాక మెట్ల దగ్గర మనల్ని ఆపాడు. నీ గురించి నాతో ఒక మాట అన్నాడు, నీకు చెప్పమన్నాడు. "ఏమంటున్నాడు?" అని నువ్వడిగావు. "మెట్టు చూసుకోమంటున్నాడు" అన్నాను. నువ్వు మెట్టు చూసుకుని, అతనికి తల ఊపి, నవ్వి దిగిపోయావు. అతను అదే నీ జవాబనుకున్నాడు. సినిమాల్లో మార్చినవి చాలావరకు జాలితో. ఇది మాత్రం కుళ్ళుతో. అతనన్నదేమిటో రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

నువ్వు జవాబు రాయకపోయినా తిట్టుకోను.

చెల్లి


ఏప్రిల్ 21

చెల్లీ,

నెల రోజులు రాయకుండా ఉండగలనని అనుకోలేదు. ఉండగలిగాను. ఫోన్లో నువ్వు రోజూ "తిన్నావా" అని పంపడం చూస్తూనే ఉన్నాను. తిన్నాను.

నీ కాగితం కోర్టులో చదివారు. పదిహేడు సినిమాలూ వరసగా తెర మీద పడ్డాయి. కుర్చీ విరిగిన దగ్గర "కొద్దిసేపు నిశ్శబ్దం" అని పడింది, జడ్జిగారు నవ్వాపుకున్నారని తరువాత లాయరమ్మ చెప్పింది. పాటల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదట. హాలు వాళ్ళ లాయరు లేచి ఏదో అనబోతే జడ్జిగారు, "మీ క్యాప్షనే మీకు ఎదురు తిరిగింది, కూర్చోండి" అన్నారు. పోయిన శుక్రవారం తీర్పు వచ్చింది. ప్రతి కొత్త సినిమాకీ రోజుకొక ఆట క్యాప్షన్లతో వెయ్యాలి. తోడు మనిషి క్యాప్షన్‌కి బదులు కాదని తీర్పులో ఒక వాక్యం ఉంది. వాళ్ళు పై కోర్టుకి వెళ్తారేమో, వెళ్ళనీ.

నిన్న మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్ళాను. టికెట్ కొనుక్కున్నాను. సినిమా ఏమంత బాగాలేదు. కానీ చెల్లీ, నేను హాలుతో పాటు నవ్వాను! పాటు కూడా కాదు, కొంచెం ముందే. అక్షరాలు మాటకంటే ముందు పడిపోతున్నాయి. పక్కనున్న పెద్దాయన, ఈవిడకి ముందే ఎలా తెలుస్తోందా అని నావైపు రెండుసార్లు చూశాడు. నాకు భలే సంతోషమేసింది. పాట వచ్చింది. పాటలో మాటలుంటాయని నేనెప్పుడూ మరిచిపోలేదు. నువ్వు అలిసిపోయావనుకుని అడిగేదాన్ని కాదు, అంతే.

నువ్వు నీ కుళ్ళు చెప్పావు. నాది కూడా విను. ఇన్నేళ్ళూ హాల్లో ముందు నువ్వు నవ్వేదానివి. నీ భుజం కదిలేది, ఆ తరువాత వేలు కదిలేది, ఆ తరువాత నేను నవ్వేదాన్ని. అప్పటికి అందరూ ఇంకో చోటికి వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. చీకట్లో నా ఒక్కదాని నవ్వు ఎలా ఉండేదో నాకు తెలియదు, నీకు తెలుసు. నీ భుజం కదిలినప్పుడల్లా నీ మీద నాకు ఎంత కడుపుమంటగా ఉండేదో చెప్పలేను. ఇంత చేస్తున్నదాని మీద మంటేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అందుకే నిన్ను బంగారం అనలేకపోయాను.

సినిమాలు సరే. పడవవాడి సంగతి కూడా సరే, దాని మీద పోట్లాడలేను. ఆ మెట్టు దగ్గరది మాత్రం సరే కాదు. నెల నుంచి దానితోనే లేస్తున్నాను, దానితోనే గుడ్డ కోస్తున్నాను. మొన్న ఇరవై చొక్కాల కాలర్లు తలకిందులుగా కోశాను, ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి. అతను పెళ్ళి అడిగాడనుకుంటున్నాను. నేను వద్దనేదాన్నేమో. నాకతను ఏమంత గుర్తు కూడా లేడు. కానీ ఆ "వద్దు" నాది. నా బతుకులో అనగలిగిన మాటల్లో అదొకటి. దాన్ని కూడా నువ్వే అనేశావు, అది కూడా నాకు తెలియకుండా.

నిన్ను క్షమించానో లేదో ఇంకా తెలియదు. తెలిసినట్టు రాయను. ఒక పని చెయ్యి. అతను అన్నది ఉన్నదున్నట్టు రాయి. తగ్గించకు, కలపకు, బాధపడుతుందేమోనని చూడకు. బాధపడటం కూడా నా పనే.

అక్క


ఏప్రిల్ 27

అక్కా,

అతను పెళ్ళి అడగలేదు.

అతని చేతిలో నీలం అట్ట నోటుబుక్కు ఉంది, లావుపాటిది. అతను అన్నది ఇది: "మీరు అక్కగారి చేతిలో రాయడం పై కిటికీలోంచి ఎప్పుడూ చూస్తుంటానండీ. నాకు ఎలాగూ నాలుగాటలూ వినక తప్పదు కదా, అందుకని ఈ సినిమాలో మాటలన్నీ రాసేశాను. పాటలు కూడా ఉన్నాయి. ఎవరు మాట్లాడుతున్నారో పక్కన పేరు వేశాను. ఆవిడ ఇది చదువుకుని మళ్ళీ వస్తే మీరు కూడా హాయిగా సినిమా చూడొచ్చు. ఆవిడకి పనికొస్తే చెప్పమనండి, వచ్చే సినిమాలకి కూడా రాస్తాను."

"మెట్టు చూసుకోమంటున్నాడు" అని నేను నీకు చెప్పాను. నువ్వు తల ఊపి వెళ్ళిపోయాక అతను పుస్తకం నా వైపు చాపాడు. "అక్కర్లేదండీ, నేనున్నాను కదా" అన్నాను. అతను "సరేనండీ" అన్నాడు. పుస్తకం చంకలో పెట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

ఇందులో నేను కలిపింది లేదు, తీసింది లేదు.

ఇప్పుడతను ఎక్కడున్నాడో నాకు తెలియదు. హాలు పాతవాళ్ళకి తెలిసి ఉండొచ్చు. నేను కనుక్కోను. అతనితో మాట్లాడాలో వద్దో, మాట్లాడితే ఏమనాలో, అది నువ్వు చూసుకో.

చెల్లి